వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడా?

కావలి:
మా అబ్బాయికి ఈ ఏడాది ఎంబీబీఎస్ సీటొచ్చింది. ఇంటికొచ్చినవాళ్లకి స్వీట్లు పెడుతుంటే మా అత్తగారు, "వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడంట, మనవాడు పూర్తి డాక్టరు ఎప్పటికవుతాడో" అనేసింది. అందరం నవ్వాం గానీ మా ఆయన మొహం మాడ్చుకున్నారు. రాత్రికల్లా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డు పెట్టారు. అసలు సామెత "వెయ్యి వేర్లు తెలిసినవాడు అరవైద్యుడు" అనీ, జనం నోళ్లలో పడి 'చంపడం'గా చెడిపోయిందనీ అందులో ఉంది. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూళ్లూరుపేట:
ఆ ఫార్వర్డు అరవం నుంచి దిగింది మేడమ్. మాకు రెండు భాషలూ ఇంట్లోవే. వాళ్లు "ఆయిరం పేరై కొన్రవన్ అరై వైద్యన్" అంటారు, అంటే వెయ్యిమందిని చంపినవాడు సగం వైద్యుడు. అది తప్పు, "ఆయిరం వేరై కొండవన్" అనేదే అసలు మాట అని అక్కడి మేష్టర్లు చెబుతారు. వెయ్యి వేర్లు సంపాదించినవాడని అర్థం. పేరై, వేరై. కొన్రవన్, కొండవన్. ఒక్కో అక్షరం అటూ ఇటూ అయితే వేర్లన్నీ శవాలైపోతాయి. (చిన్నప్పుడు నేను దీన్ని "అరవ వైద్యుడు" అని వినేవాణ్ణి. అరవదేశం డాక్టర్లంటే మనవాళ్లకి ఎందుకింత కోపమా అనుకునేవాణ్ణి. జబ్బు కాస్త ముదిరితే మెడ్రాసు రైలెక్కేదీ మనవాళ్లే!)

నెల్లూరు:
అరవంలో ఆ వివరణ చెవికి ఇంపుగానే ఉంది. తెలుగులో మాత్రం నిలబడదు. 'వేర్లు' అన్నది జారి 'మంది' కాదు, 'తెలిసిన' అన్నది జారి 'చంపిన' కాదు. పైగా మనం మంది అన్నాక మనుషులే. వెయ్యి వేర్లంటాం, వెయ్యి చెట్లంటాం, ఎవరూ వెయ్యిమంది వేర్లనరు. కాబట్టి తెలుగు సామెత పుట్టడమే చంపడంతో పుట్టింది. అరవం నుంచి వచ్చిందే అయినా, అక్కడ జనం అప్పటికే 'కొన్రవన్' అంటుండబట్టే మనకి ఈ రూపంలో దిగింది.

ఇలా సర్దిచెప్పడం వైద్యుడి మీది సామెతలన్నిటికీ జరుగుతుంది. సంస్కృతంలో "శతమారీ భవేద్వైద్యః, సహస్రమారీ చికిత్సకః" అని ఉంది. వందమందిని చంపితే వైద్యుడు, వెయ్యిమందిని చంపితే చికిత్సకుడు. దానికీ లోతైన అర్థాలు తీసేవాళ్లున్నారు. మరి ఈ చాటువుకి ఏ అర్థం తీస్తారు?

వైద్యరాజ నమస్తుభ్యం యమరాజసహోదర
యమస్తు హరతి ప్రాణాన్ వైద్యః ప్రాణాన్ ధనాని చ

యముడి తోబుట్టువా, నీకో దండం, యముడు ప్రాణాలే పట్టుకుపోతాడు, నువ్వు ప్రాణాలతోపాటు డబ్బూ పట్టుకుపోతావు అని. ఇందులో దిద్దడానికి ఏ అక్షరమూ దొరకదు. ఇలాంటివి కట్టింది రోగులూ, వాళ్ల తాలూకు మనుషులూ. బిల్లు కట్టేటప్పుడు పుట్టే మాటలివి. వైద్యుడి గౌరవం కాపాడే పని వాటికెందుకు పెట్టాలి? అప్పిచ్చువాడి పక్కనే వైద్యుణ్ణి కూర్చోబెట్టి, వాళ్లు లేని ఊళ్లో ఉండొద్దన్న సుమతి పద్యం మనకి ఎటూ ఉంది. మర్యాద అక్కడ జరిగింది, ఎగతాళి ఇక్కడ జరిగింది. రెండూ ఒకే జనం నోటివే.

ఇక ఈ సామెత చమత్కారమంతా 'అర'లో ఉంది. వెయ్యిమంది పోయినా ఇంకా సగం చదువే అయిందట!

పొదిలి:
నేను ఆయుర్వేదం చేసేవాణ్ణి. నెల్లూరు మాస్టారు ఎగతాళి అని కొట్టిపారేశారు గానీ, మా శాస్త్రంలో చంపడం అనే మాట నిజంగానే ఉంది. లోహాన్ని శుద్ధి చేసి, ఆకు పసర్లతో నూరి, బిళ్లలు కట్టి, మూకుట్లో పెట్టి సీలు చేసి, పిడకల మంటలో కాల్చి (ఈ కాల్చడాన్నే పుటం పెట్టడం అంటాం) భస్మం చేయడాన్ని మారణం అంటారు. లోహం 'చచ్చిందా' లేదా అని పరీక్షలుంటాయి. వేలి మీద రాస్తే వేలిముద్ర గీతల్లోకి దూరిపోవాలి. కదలని నీళ్ల మీద చిటికెడు చల్లితే మునగకుండా తేలాలి. బెల్లం, నెయ్యి, తేనె లాంటివి కలిపి మళ్లీ కాల్చినా తిరిగి లోహం కాకూడదు, దీన్ని అపునర్భవం అంటారు. ఏది తేడా వచ్చినా మళ్లీ నూరి, మళ్లీ పుటం పెట్టాల్సిందే.

మన గూడూరు, సైదాపురం వైపు గనుల్లో తీసిన మైకా ఉంది చూశారూ, అదే అభ్రకం. మేం వాడేది అందులో నల్లరకం. దాన్ని వంద పుటాలు పెడితే శతపుటి, వెయ్యి పుటాలు పెడితే సహస్రపుటి. శతమారి, సహస్రమారి అన్న అంకెలు అచ్చంగా ఇవే. అందుకని ఆ శ్లోకంలో చచ్చింది రోగులు కాదు, అభ్రకం అని నా వాదన. తెలుగులో కూడా ముందు 'వెయ్యి మందులు' అని ఉండి, అదే 'వెయ్యిమంది' అయ్యుండొచ్చు కదా?

నెల్లూరు:
వంద, వెయ్యి అంకెలు కలవడం బాగుంది, శ్లోకం మటుకు మీకు వదిలేస్తాను. 'మందులు' ఒప్పుకోను. మీ శాస్త్రంలోనే చంపేది లోహాన్ని, చచ్చాక అయ్యేది మందు. మందును చంపేవాడు మీలో ఎవరూ లేరు. ఇంకోటి, పుటాల లెక్క మీ ఇంట్లో మాట. కావలి అత్తగారి దాకా రావాలంటే దానికి అంత ప్రచారం ఎక్కడిది?

ఒంగోలు:
నేను ప్రసూతి డాక్టర్ని. మాస్టారూ, మీ వాదన వింటుంటే మా కాలేజీ పాఠం గుర్తొచ్చింది. ఈ సామెత అక్షరాలా నిజమైన చోటు ఒకటుంది. వియన్నా జనరల్ హాస్పిటల్, 1840ల మాట. అక్కడ కాన్పులకి రెండు వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లు, మెడికల్ విద్యార్థులు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులో పురుటి జ్వరంతో పోయే తల్లులు 1846లో నూటికి పదిమందికి పైనే. మంత్రసానుల వార్డులో అందులో మూడో వంతు కూడా లేరు. ఊళ్లో ఆడవాళ్లకి ఈ తేడా తెలుసు, మొదటి వార్డులో వేయొద్దని కాళ్లావేళ్లా పడేవాళ్లు.

అక్కడ పనిచేసిన సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు స్నేహితుడు ఒకాయన శవపరీక్షలో కత్తి గీసుకుని, అదే పురుటి జ్వరం లక్షణాలతో 1847లో చనిపోయాడు. అప్పుడు తట్టింది సెమ్మెల్‌వైస్‌కి: శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు నేరుగా కాన్పులకి వస్తున్నారని. ఆ మే నెలలో, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లలో చేతులు కడిగితేగాని లోపలికి రాకూడదని పట్టుబట్టాడు. 1848లో ఆ వార్డు మరణాలు నూటికి రెండు లోపుకి పడిపోయాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, మా చేతులు మురికివా అని. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. బతికుండగా ఆయన మాట నెగ్గలేదు.

అందుకని నాకు ఈ సామెత వింటే కోపం రాదు. ఎంతమంది పోయారో కూర్చుని లెక్కపెట్టినవాడు ఉన్నాడు కాబట్టే ఈ రోజు మేం గ్లవ్స్ తొడుక్కుంటున్నాం. వేర్ల కథ చెప్పి ఆ వెయ్యిమందిని మాయం చేస్తే నాకు నచ్చదు. కావలి మేడమ్, బాబుకి నా ఆశీస్సులు. ఫస్టియర్‌లో అనాటమీకి టెన్షన్ పడొద్దని చెప్పండి.

కావలి:
థాంక్యూ డాక్టరమ్మా. పొదిలి వైద్యులుగారి అభ్రకం మా ఆయనకి తెగ నచ్చింది. మాస్టారి మాట ఇంకా చూపించలేదు!

దర్శి:
ఆలస్యంగా చూశాను. మా ఇంట్లో ఇది వేరేగా అంటారు: "వందమందిని చంపితేగాని వైద్యుడు కాడు." వెయ్యీ లేదు, అరా లేదు.

నెల్లూరు:
ఇది అసలైన సరుకు! వందకి వైద్యుడు అన్నది సంస్కృత శ్లోకం మొదటి పాదం, ఉన్నదున్నట్టు తెలుగైంది. వెయ్యికి సగం అన్నది అరవం లెక్క. అంటే మన దగ్గర ఒకటి కాదు, రెండు సామెతలు తిరుగుతున్నాయి. ఒకటి అగ్రహారం దారిన వచ్చింది, ఒకటి మెడ్రాసు దారిన వచ్చింది. దక్షిణాన వెయ్యి, ఉత్తరాన వంద అని గీత గీయాలని నాకూ ఉంది గానీ రెండిళ్ల మాట పట్టుకుని గీయలేం. ఉదయగిరి, కందుకూరు, కనిగిరి, మార్కాపురం వాళ్లు మీ ఇళ్లల్లో పెద్దవాళ్లని అడిగి, వందో వెయ్యో, 'అర' ఉందో లేదో, ఊరి పేరుతో కింద రాయండి. ఫార్వర్డులు వద్దు, ఇంట్లో విన్నదే రాయండి.