విజయనగరంలో ఇల్లు: గేటు ఉన్న లేఅవుటా, ఊళ్లోని పాత వీధా? (చర్చ)

దాసన్నపేట అద్దె పోర్షన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పదమూడేళ్లుగా మేము దాసన్నపేటలో ఒక మేడ కింది పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాము. మా వారు రోజూ ఉదయం రైలుకు విశాఖపట్నం వెళ్లి రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాత ఇల్లు చేరతారు. నేను ఒక ఇంజనీరింగు కళాశాలలో పనిచేస్తున్నాను. పాప వచ్చే ఏడాది ఆరో తరగతికి వస్తుంది, బాబు రెండో తరగతి చదువుతున్నాడు, అత్తగారు మాతోనే ఉంటారు. ఇన్నేళ్ల పొదుపుకు బ్యాంకు రుణం కలిపి ఈ ఏడాది సొంత ఇల్లు అమర్చుకోవాలని నిశ్చయించుకున్నాము.

రెండు ఇళ్లు చూశాము. ఒకటి రింగురోడ్డు దాటిన తరువాత, చుట్టూ ప్రహరీ, గేటు, కాపలా, సీసీ కెమెరాలు, పిల్లల పార్కు ఉన్న లేఅవుట్‌లో డూప్లెక్సు. రెండవది కోటకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ముందు అరుగు, వెనుక నుయ్యి ఉన్న పాత డాబా ఇల్లు. ధరలు దాదాపు సమానమే కాని, ఊళ్లో ఇంటికి స్థలం చిన్నది, కట్టడం పాతది. తాను ఇంట్లో లేని పన్నెండు గంటలు మేము క్షేమంగా ఉండాలని మా వారి పట్టుదల. నా బెంగ వేరు. డూప్లెక్సు చూపించిన ఆయన తాళం తీస్తూనే అన్న మొదటి మాట, “ఇక్కడంతా మన స్థాయివాళ్లే ఉంటారండి” అని. ఆ మాట నన్ను వదలడం లేదు. భద్రత, బడి, ఈ స్థాయి పట్టింపు, ఈ మూడింటినీ ఎలా తూచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గేటు లోపల ఆరేళ్లు

మీరు చెప్పినటువంటి లేఅవుట్‌లోనే మేము ఆరేళ్లుగా ఉంటున్నాము కనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మంచి మొదట చెప్పాలి. పిల్లలు సాయంత్రం ఆరింటి వరకు వాహనాల భయం లేకుండా సైకిళ్లు తొక్కుతారు. మంచినీరు, వీధి దీపాలు, చెత్త సేకరణ విషయంలో నెలవారీ నిర్వహణ రుసుముకు తగిన పని జరుగుతుంది. రాత్రి తొమ్మిదింటికి నేను ఒంటరిగా నడకకు వెళ్లగలను.

దొంగతనాల విషయంలో మాత్రం గేటును చూసి నిబ్బరపడవద్దు. మూడేళ్ల క్రితం సంక్రాంతికి మా లేఅవుట్‌లో సగానికి పైగా ఇళ్లకు తాళాలు పడ్డాయి, ఎందుకంటే మేమందరమూ పండుగకు సొంత ఊళ్లకు పోయేవాళ్లమే. వెనుక ప్రహరీ దూకి ఎవరో మా ఎదురింట్లో బీరువా పగలగొట్టారు. పోలీసులు వచ్చి కెమెరా దృశ్యాలు అడిగినప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ వైపు కెమెరా వెలుగుతున్నదే తప్ప నెల రోజులుగా ఏమీ నమోదు కావడం లేదు. కాపలాదారు ముందు గేటు దగ్గరే ఉంటాడు, వెనుక పొలాల వైపు చూసే మనిషి లేడు.

ఇక మీరు అడిగిన స్థాయి మాట. మా ఇంట్లో పనిచేసే ఆవిడ సాయంత్రం వెళ్లేటప్పుడు గేటు దగ్గర సంచి తెరిచి చూపించాలన్నది మా సంఘం నియమం. నేను చేరిన కొత్తలో దానిని భద్రతలో భాగమనే అనుకున్నాను. ఒకరోజు నేనే ఆమెకు అర కిలో ఇడ్లీ రవ్వ పొట్లం కట్టి ఇచ్చాను. గేటు దగ్గర ఆమెను ఆపి, నాకు ఫోను చేసి, ఆ పొట్లం నేనే ఇచ్చానని నా నోట పలికించుకున్నారు. నేను బయటికి వచ్చేసరికి ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నది. మా అబ్బాయి సైకిలు ఆపి అంతా చూస్తున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ, “అమ్మా, ఆవిడ ఏం దొంగతనం చేసింది?” అని అడిగాడు. వాడికి అప్పుడు ఏడేళ్లు. ఏమీ చేయలేదని చెప్పగలిగాను గాని, మరి ఎందుకు ఆపారని వాడు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

పార్కులో “పనివారి పిల్లలకు ప్రవేశం లేదు” అని ఒక బోర్డు ఉండేది. దానిని తీయించడానికి నాకు, మరో రెండు కుటుంబాలకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ సమావేశాలలో నాకు ఎదురు చెప్పినవారు దుర్మార్గులు కారు, వారి పిల్లలకు జ్వరం వస్తే నేను వెళ్లాను, నా కాలు విరిగితే వారు అన్నం పంపారు. అయినా ఊయల మీద ఒక పేద పిల్ల కూర్చుంటే తమకేదో తగ్గిపోతుందన్న భావన వారిలో బలంగా ఉన్నది. మీరు కొనే ముందు తప్పక చూడవలసింది ఇదేనని నా నమ్మకం.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

బడుల సంగతి నేను చెబుతాను. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ పాఠశాలల్లో పనిచేశాను. కొన్ని దేశాలలో ఇల్లు ఏ పేటలో ఉంటే ఆ పేట బడిలోనే సీటు వస్తుంది కాబట్టి, మంచి బడి కోసం అక్కడివారు ఖరీదైన పేటకు మారతారు. మన దగ్గర ఆ లెక్క చాలావరకు లేదు. ప్రైవేటు బడి బస్సు రింగురోడ్డుకూ వస్తుంది, దాసన్నపేటకూ వస్తుంది, తేడా అంతా బాబు బస్సులో కూర్చునే నిమిషాలలో ఉంటుంది. “మంచి బడులకు దగ్గర” అని అమ్మేవారు ధర పెంచితే ఆ మాటకు డబ్బు ఇవ్వవద్దు.

మన ప్రాంతంలో పేరున్న బడులు చిరునామాను చూసి చేర్చుకునేవి కావు. 1962లో మొదలైన కోరుకొండ సైనిక పాఠశాలకు ఆరు, తొమ్మిది తరగతులలో అఖిల భారత ప్రవేశ పరీక్ష ఉంటుంది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి సైనిక పాఠశాలల్లో ఆడపిల్లలను కూడా చేర్చుకుంటున్నారు కనుక మీ పాప విషయంలో ఆలోచించదగినదే. కేంద్రీయ విద్యాలయంలో ప్రధానంగా తల్లిదండ్రుల ఉద్యోగ వర్గాన్ని, బదిలీలను చూస్తారు. జవహర్ నవోదయలో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంత పిల్లలవి, అయితే మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. మీ బాబు రెండో తరగతి కాబట్టి ఈ నియమం ఇప్పుడే తెలిసి ఉండడం మేలు. ఇల్లు పంచాయతీలో ఉన్నంత మాత్రాన ఆ అర్హత రాదు, బడి ఎక్కడ ఉన్నదన్నదే లెక్క.

మరొక్క మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. మీరు చూసే బడిలో ఆ పిల్లలను మిగిలిన పిల్లల మధ్యనే కూర్చోబెడుతున్నారా, ఆటల పోటీల్లో, వార్షికోత్సవంలో వారు కనిపిస్తున్నారా అన్నది గమనించండి. బడి ఎటువంటిదో ఫలితాల ఫ్లెక్సీ కంటే అదే బాగా చెబుతుంది. పాపకు సంగీతం మీద ఆసక్తి ఉంటే ఊళ్లో ఇంటికి ఒక మెరుగు ఉన్నది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో మొదలైన సంగీత కళాశాల నడక దూరంలో ఉంటుంది. ఘంటసాల గారు చదువుకున్న చోటు అది. పేట వలన పిల్లలకు కలిగే లాభమంటే నా దృష్టిలో ఇటువంటిదే.

జవాను ఇల్లాలు

పైన రాసిన అక్కయ్యగారి ఆవేదన అర్థమైంది, కాని గేటును తీసిపారేయవద్దని కోరుతున్నాను. మా వారు సైన్యంలో ఉన్నారు, ఏడాదికి రెండు నెలలు సెలవు. పాత కాలనీలో ఉన్నప్పుడు తాగి వచ్చిన ఒక మనిషి అర్ధరాత్రి మా తలుపు బాదాడు. చంటిపిల్లను ఎత్తుకుని నేను స్నానాల గదిలో గడియ వేసుకుని కూర్చున్నాను. మర్నాడు వీధిలో అందరూ “మేమూ విన్నాము” అన్నారు గాని, ఆ రాత్రి ఒక్కరూ తలుపు తీయలేదు. ఇప్పుడు గేటు ఉన్న చోట అద్దెకు ఉంటున్నాను, నిద్ర పడుతున్నది. భయం లేని నిద్రకు ఎంత విలువ ఇవ్వాలో ఒంటరిగా ఉన్న ఆడవారికి తెలుస్తుంది.

గేటు లోపల ఆరేళ్లు

అమ్మా, మీరు చెప్పినది నిజం. మీ స్థితిలో నేనున్నా గేటునే ఎంచుకునేదాన్ని. రాత్రి పదింటి తరువాత తెలియని మనిషిని ఆపడం భద్రత. పగలు నాలుగింటికి తెలిసిన మనిషి సంచి వెతకడం భద్రత కాదు. నా అభ్యంతరం ఆ రెండవ దానికే.

నాగావళి గట్టు

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. పాత వీధిలో స్థాయి పట్టింపు ఉండదన్న భ్రమలో ఎవరూ ఉండకూడదని చెప్పడానికే ఇది. ఉద్యోగరీత్యా వచ్చిన కొత్తలో నెలన్నర ఇల్లు వెతికాను. ఎవరూ కులం నేరుగా అడగరు. ముందు “సొంత ఊరు ఏదండి” అంటారు, తరువాత “ఇంటిపేరు” అంటారు, దానితోనూ తేలకపోతే “మీరు నీచు తింటారా” అంటారు. ఒక ఇంట్లో నా భార్య వంటగది కొలతలు కూడా తీసుకున్నది, అడ్వాన్సు నా చేతిలో ఉన్నది. ఇంటిపేరు చెప్పిన తరువాత ఆ పెద్దావిడ లోపలికి వెళ్లి వచ్చి, “మా తమ్ముడు ఇంకెవరికో మాటిచ్చేశాడట బాబూ” అన్నది. నాలుగు నెలల తరువాత అటు వెళ్తే ఆ గుమ్మానికి “ఇల్లు అద్దెకు ఇవ్వబడును” పలక ఇంకా వేలాడుతున్నది.

కొత్త లేఅవుట్‌లో డబ్బును చూస్తారు, పాత వీధిలో పుట్టుకను చూస్తారు. డబ్బు నేను సంపాదించుకోగలిగాను, రెండవది మార్చుకోలేను. మా వంటివారు కొందరు గేటు ఉన్న చోటికి వెళ్లడానికి ఇదీ ఒక కారణం, ఎందుకంటే అక్కడ రిజిస్ట్రేషను కాగితం చూపిస్తే చాలు. ప్రశ్న అడిగిన వారు పాత ఇంటి అరుగును ఇష్టపడడం మంచిదే గాని, ఆ అరుగు మీద ఎవరెవరిని కూర్చోనిస్తారో కూడా కనుక్కోండి.

లేఅవుట్ కాగితాలు

కొన్ని ఆచరణ విషయాలు. సాధారణ లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లను, పది శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా అప్పగించాలి. అంటే ఆ రోడ్డు, ఆ పార్కు ప్రజలవి. తరువాత కట్టుకున్న గేటు, తరువాత పెట్టుకున్న బోర్డు సంఘం ఇష్టమే తప్ప హక్కు కాదు. గేటుతో సహా ఆ సముదాయానికే అనుమతి ఉన్నదా లేదా అని ప్లాను కాగితం అడిగి చూడండి. స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరా నమోదు సంఖ్య కూడా అడగండి. స్థలం పాత చెరువు గర్భమా, గెడ్డ పోరంబోకా (వాగుకు చెందిన ప్రభుత్వ భూమా) అన్నది గ్రామ పటంలో తెలుస్తుంది.

ఆ చిరునామా వన్ టౌన్, టూ టౌన్ స్టేషన్ల కిందికి వస్తుందా, రూరల్ స్టేషను కిందికి వస్తుందా అన్నది తెలుసుకోండి. రాత్రి గస్తీ తిరిగేది వారే. ఊరు వెళ్లేటప్పుడు పోలీసుల తాళం వేసిన ఇళ్ల నిఘా పథకంలో నమోదు చేసుకుంటే వారే ఇంట్లో కెమెరా పెట్టి గమనిస్తారు, రుసుము లేదు. గేటు ఉన్నా లేకున్నా సంక్రాంతికి ఇది అవసరం.

దాసన్నపేట అద్దె పోర్షన్

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక రెండు చోట్లకూ ఆదివారం సాయంత్రం ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి వెళ్లాము.

లేఅవుట్‌కు మేమిద్దరం బండి మీద వెళ్లాము, అత్తగారిని, పిల్లలను ఆటో ఎక్కించాము. ఆటోలకు లోపలికి అనుమతి లేదని గేటు దగ్గరే దింపేశారు. ఆమెకు మోకాళ్ల నొప్పులని చెప్పినా, నియమమమ్మా అని కాపలాదారు చేతులు కట్టుకుని అన్నాడు, అతని మీద నాకు కోపం లేదు. అదే సమయంలో మాతో పాటు లోపలికి వెళ్లిన కార్లను ఎవరూ ఆపలేదు. ఆమె పాప భుజం పట్టుకుని, రెండు చోట్ల ఆగి, ఆ డూప్లెక్సు వరకు నడిచింది. నడిచినంత సేపూ ఏమీ అనలేదు.

పాత వీధిలో రెండు నిమిషాలు నిలబడేసరికి పక్కింటావిడ మా ఇంటిపేరు అడిగింది. నాగావళి గట్టు వారు గుర్తుకు వచ్చి, అదే వీధిలో చివరి ఇంట్లో అద్దెకు ఉంటున్న కుటుంబాన్ని పలకరించాము. వారు వేరే కులంవారు, వేరే జిల్లావారు. వచ్చి నాలుగేళ్లయిందని, పేరంటాలకు పిలుపు రావడానికే రెండేళ్లు పట్టిందని దాపరికం లేకుండా చెప్పారు. రాత్రి వెళ్లినప్పుడు ఒక స్తంభానికి దీపం వెలగలేదు, అయితే మూడు అరుగుల మీద మనుషులు కూర్చుని ఉన్నారు.

తిరిగి వచ్చాక అత్తగారు 2013 అక్టోబరులో ఊళ్లో కర్ఫ్యూ పెట్టినప్పటి సంగతి ఎత్తారు. అప్పుడు బాబు పుట్టలేదు, పాప కూడా లేదు. పాలు దొరకక ఆమె టీ మానుకున్న మూడో రోజు, గేదె ఉన్న పక్కింటివారు ప్రహరీ మీదుగా పాలగిన్నె అందించారు. గోడ తక్కువ ఎత్తు కాబట్టి అందిందని ఆమె అన్నది. మా వారు చాలా సేపు మాట్లాడలేదు, తరువాత ఆ పాత ఇంటి వెనుక తలుపుకు ఇనుప గ్రిల్లు, ముందు ఒక కెమెరా పెట్టిస్తే తనకు అభ్యంతరం లేదన్నారు.

శ్లాబులో ఇనుము తుప్పు పట్టిందేమో చూడడానికి గురువారం ఇంజనీరు వస్తున్నారు. ఆయన సరేనంటే ముప్పై ఏళ్ల ఇ.సి. (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుగారికి చూపించిన తరువాతనే బయానా ఇస్తాము. వీధి దీపం గురించి నగరపాలక సంస్థకు ఫిర్యాదు ఈరోజే పెట్టాను.