డిస్నీ వరల్డ్‌లో మోకాళ్ల నొప్పులున్న అమ్మతో నాలుగు రోజులు: వీల్‌చైరా, స్కూటరా?

పల్నాటి_పిల్లోడు (ప్రశ్న):
డిసెంబరులో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. అట్లాంటా నుంచి కారులో ఆర్లాండో వెళ్లి, నాలుగు రోజుల్లో నాలుగు పార్కులూ (మ్యాజిక్ కింగ్డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్డమ్) చూపిద్దామని అనుకుంటున్నాం. అమ్మకి 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పది నిమిషాలు నడిస్తే కూర్చోవాల్సిందే. మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువ కష్టం. చీర తప్ప కట్టదు, సైకిల్ కూడా ఎప్పుడూ తొక్కలేదు. నాన్నకి ఏ ఇబ్బందీ లేదు కానీ కుర్చీ తోసే వయసు కాదు.

వీల్‌చైర్ మేలా, ఎలక్ట్రిక్ స్కూటర్ (నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే చిన్న బండి) మేలా? పార్కులో అద్దెకి తీసుకోవాలా, బయటా? హోటల్ ఎక్కడైతే నడక తగ్గుతుంది? లైన్లో నిలబడకుండా డీఏఎస్ (డిజబిలిటీ యాక్సెస్ సర్వీస్) పాస్ ఇస్తారని ఒకరు చెప్పారు, నిజమేనా? అమ్మ ఏ రైడ్లు ఎక్కగలదు?

కిస్సిమ్మీ_శ్రీను:
ముందు డీఏఎస్ సంగతి. 2024 మేలో రూల్స్ మార్చారు. ఇప్పుడది ప్రధానంగా ఆటిజం లాంటి సమస్యలతో లైన్లో ఎక్కువసేపు ఉండలేనివాళ్ల కోసం. మోకాళ్ల నొప్పికి ఇవ్వరు. ఆ పాస్ ఇచ్చే ముందు వీడియో కాల్‌లో అడుగుతారు కదా, ఏదో ఒకటి చెప్పేద్దాం అనుకోవద్దు. అబద్ధమని తేలితే పార్కులోకి శాశ్వతంగా రానివ్వరు. నిజానికి అమ్మగారికి దాని అవసరం కూడా లేదండీ. ఆవిడ కష్టం వేచి ఉండటం కాదు, నిలబడటం. చాలా లైన్లు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుగా కట్టారు, కూర్చునే ముందుకి జరగొచ్చు. కుర్చీ పట్టని పాత రైడ్ల దగ్గర వేరే గేటు చూపిస్తారు, లేదా ఫలానా టైముకి రమ్మంటారు. గేటు దగ్గర ఉద్యోగిని అడిగితే చాలు. లైన్ తగ్గాలంటే డబ్బు కట్టి లైట్నింగ్ లేన్ (త్వరగా కదిలే వేరే లైన్) తీసుకోవడమే.

బండి మాత్రం బయట అద్దెకి తీసుకుని హోటల్‌కి తెప్పించుకోండి. పార్కులో ఇచ్చేది గేటు దాటి బయటికి రానివ్వరు. పార్కింగ్ నుంచి గేటు దాకా, సాయంత్రం గేటు నుంచి కారు దాకా అమ్మగారు నడవాల్సిందే, ఆవిడ కాళ్లు అలిసిపోయేది అక్కడే. పైగా ముందొచ్చిన వాళ్లకే ఇస్తారు, రద్దీ రోజుల్లో స్కూటర్లు పొద్దున్నే అయిపోతాయి. ఎప్కాట్‌లో దేశాల పెవిలియన్ల చుట్టూ దారి ఒక్కటే దాదాపు 2 కిలోమీటర్లు. అన్నీ కలిపి రోజంతా తిరిగితే 8-10 కిలోమీటర్లు అవుతుంది. కాబట్టి "అవసరమైతే చూద్దాం" అని వెళ్లొద్దు.

కారులో వేసుకోవాలి కాబట్టి విడిభాగాలుగా ఊడే ట్రావెల్ స్కూటర్ అడగండి. సీటు, బుట్ట, బ్యాటరీ, ముందు భాగం, వెనక భాగం విడివిడిగా వస్తాయి. వెనక మోటారు ఉన్న భాగమే బరువు, దాన్ని మీరే ఎత్తాలి. బండి తెచ్చిచ్చేటప్పుడు, తిరిగి తీసుకెళ్లేటప్పుడు మనం అక్కడ ఉండాలా అన్నది బుక్ చేసే ముందే అడగండి. చాలామంది ఉండాలంటారు.

ఫిజియో_లక్ష్మి:
శ్రీను గారితో మిగతా అన్నిటికీ ఒప్పుకుంటాను, స్కూటర్ దగ్గర మాత్రం కాదు. దాని హ్యాండిల్ కింద చిన్న లివర్ ఉంటుంది. నొక్కితే వెళ్తుంది, వదిలేస్తే దానంతటదే ఆగుతుంది. ఎప్పుడూ బండి నడపని పెద్దవాళ్లు ఎవరైనా అడ్డొస్తే భయంతో చేయి బిగిస్తారు. బిగిస్తే బండి ఇంకా ముందుకెళ్తుంది! క్రిస్మస్ వారంలో పిల్లల గుంపుల మధ్య ఇది ప్రమాదం. "వదిలెయ్యి, ఆగుతుంది" అనేది చేతికి అలవాటు కావాలి. హోటల్ వరండాలో స్పీడ్ డయల్‌ని తాబేలు బొమ్మ మీద పెట్టి ఒక సాయంత్రం నేర్పి చూడండి. ధైర్యం వస్తే స్కూటర్, రాకపోతే తోసే కుర్చీ. మీరు, మీవిడ మార్చి మార్చి తోయగలిగితే నా ఓటు కుర్చీకే.

ఇంకో లాభం కూడా ఉంది. కుర్చీతోనే ఎక్కించే రైడ్లు చాలా ఉన్నాయి: మ్యాజిక్ కింగ్డమ్‌లో స్మాల్ వరల్డ్, జంగిల్ క్రూజ్, ఎప్కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్, నీమో, హాలీవుడ్ స్టూడియోస్‌లో టాయ్ స్టోరీ మేనియా, యానిమల్ కింగ్డమ్‌లో సఫారీ. ఇలాంటి వాటికి స్కూటర్‌తో వెళ్తే దిగి, వాళ్లిచ్చే కుర్చీలోకి మారాలి. సఫారీ బండి బాగా కుదుపుతుంది, నడుము నొప్పి కూడా ఉంటే ఆలోచించుకోండి.

వద్దనేవి చెప్తాను. ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌లో మోటర్‌సైకిల్ మీదలా అటో కాలు ఇటో కాలు వేసి ముందుకి వంగి కూర్చోవాలి, అరిగిన మోకాళ్లకి అసలు పనికిరాదు. నావీ రివర్, ఫ్రోజెన్, పైరేట్స్ పడవలు కిందకి ఉంటాయి. దిగి కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. పీటర్ ప్యాన్‌లో కదిలే బెల్ట్ మీద నడిచి ఎక్కాలి, దాన్ని ఆపరు. పీపుల్ మూవర్‌కి కదిలే ఏటవాలు దారి మీద నిలబడి పైకి వెళ్లాలి. స్పేస్‌షిప్ ఎర్త్‌లోనూ బెల్టే, కానీ అడిగితే నెమ్మది చేస్తారు. సిగ్గుపడకుండా ముందే అడగండి, ఎక్కేటప్పుడు కంగారులో అడగడం కుదరదు.

చీర గురించి జాగ్రత్త. పెద్ద చక్రాల కుర్చీలో కొంగు పక్కకి జారితే ఊచల్లో చుట్టుకుంటుంది. కొంగు ముందుకి తెచ్చి నడుముకి దోపి పిన్ను పెట్టండి, కుచ్చిళ్లు మడమ పైకి ఉండాలి. లేచేటప్పుడు ముందు రెండు బ్రేకులు, తర్వాత ఫుట్‌రెస్టులు మడవడం, ఆ తర్వాతే లేవడం. ఫుట్‌రెస్ట్ మీద అడుగేసి లేస్తే కుర్చీ ముందుకి బోర్లా పడుతుంది.

మోనోరైల్_మురళి:
హోటల్ విషయం నేను చెప్తా. చాలామందికి తెలియనిదేంటంటే, మ్యాజిక్ కింగ్డమ్‌కి కారులోనో ఊబర్‌లోనో వెళ్తే పార్కు గేటు దగ్గర దిగరు. టీటీసీ అనే చోట దిగి, సరస్సు దాటడానికి మోనోరైలో ఫెర్రీనో ఎక్కాలి. డిస్నీ హోటల్ బస్సులు మాత్రం నేరుగా గేటు దగ్గరే దింపుతాయి. నొప్పులున్న మనిషికి ఈ తేడా చాలా పెద్దది. బడ్జెట్ ఉంటే కాంటెంపరరీ: హోటల్లోంచే మోనోరైల్, లేదంటే పార్కుకి చదునైన నడక దారి. లేకపోతే పాప్ సెంచరీ. అక్కడి స్కైలైనర్ కేబుల్ కారులో ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్ వెళ్లొచ్చు, దారిలో కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర మారాలి. మామూలుగా పెట్టె కదులుతుండగానే ఎక్కుతారు. కుర్చీ వాళ్లకి వేరే పట్టా మీద పూర్తిగా ఆపి ఎక్కిస్తారు. అలా ఆపే చోటుకి వెళ్లాలని ముందే చెప్పండి.

బస్సులో చక్రాల వాళ్లకి సాధారణంగా రెండే చోట్లు ఉంటాయి. బాణసంచా అయ్యాక మీ ముందు ఇద్దరుంటే తర్వాతి బస్సే గతి. ఆఖరి పది నిమిషాలు వదులుకుని గేటు వైపు వచ్చేయండి, లేదా జనం పలచబడే దాకా మెయిన్ స్ట్రీట్ (మ్యాజిక్ కింగ్డమ్ గేటు లోపల మొదటి వీధి) కొట్లలో కూర్చోండి. కారులో వెళ్లే రోజు అయితే, మీ రాష్ట్రంలో తీసుకున్న హ్యాండీక్యాప్ ప్లకార్డు ఉంటే తీసుకెళ్లండి, ఫ్లోరిడాలో చెల్లుతుంది. టోల్ గేటు దగ్గరే చూపించి దారి అడగండి.

మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు బండి పట్టాలున్నాయి. వాటి గాడిలో కుర్చీ చిన్న చక్రం ఏటవాలుగా దిగితే ఇరుక్కుని ఠక్కున ఆగుతుంది, కూర్చున్నవాళ్లు ముందుకి తూలతారు. పట్టాలకి నిటారుగా, తొంభై డిగ్రీల్లో దాటించండి. టీటీసీ దగ్గర మోనోరైల్ ర్యాంప్ నిలువుగా ఉంటుంది. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కుర్చీ వెనక, కింది వైపు ఉండి దింపండి. తోసేవాళ్లకి ఫెర్రీయే సుఖం, కింది అంతస్తులోకి మెట్లు లేకుండా తిన్నగా తోసుకెళ్లొచ్చు.

పల్నాటి_పిల్లోడు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. పాప్ సెంచరీ చూస్తున్నాను. నేర్పి చూశాక అమ్మకి స్కూటర్ నచ్చితే, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? ఇన్సులిన్ కూడా ఉంది, రోజంతా సంచిలో ఉంచొచ్చా?

కిస్సిమ్మీ_శ్రీను:
ఆగిపోతే ముందు చూడాల్సింది బ్యాటరీ కాదు, వెనక చక్రం దగ్గరుండే ఫ్రీవీల్ లివర్. బండి తోయడానికో కారులో ఎక్కించడానికో దాన్ని విడుదల చేసి మళ్లీ వెనక్కి పెట్టడం మర్చిపోతారు. అప్పుడు లైట్లు వెలుగుతాయి, బండి మాత్రం కదలదు. ఆ లివర్ విడుదలలో ఉండగా బ్రేకు కూడా పట్టదు కాబట్టి వాలులో మనిషిని కూర్చోబెట్టి అలా వదలొద్దు. తర్వాత తాళం చెవి పూర్తిగా తిరిగిందా, బ్యాటరీ పెట్టె గట్టిగా కూర్చుందా చూడండి. ఛార్జింగ్ రాత్రంతా పెట్టండి. ప్లగ్ పెట్టాక ఛార్జర్ మీద లైట్ వెలిగిందో లేదో చూసే పడుకోండి, కొన్ని గదుల్లో సాకెట్ గోడ స్విచ్‌కి కలిపి ఉంటుంది, లైట్లు ఆర్పితే అదీ పోతుంది. వర్షం వస్తే హ్యాండిల్ మీది స్విచ్చుల పెట్టెకి ప్లాస్టిక్ కవర్ కట్టండి, సీటు తడిసినా ఫరవాలేదు.

ఇన్సులిన్ సంచిలో మోయక్కర్లేదు. ప్రతి పార్కులోనూ ఫస్ట్ ఎయిడ్ సెంటర్ ఉంటుంది, అక్కడ ఫ్రిజ్‌లో పెడతారు. మ్యాజిక్ కింగ్డమ్‌లో అది క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కనే. పేరు రాసిన కవర్లో ఇవ్వండి, భోజనం టైముకి వెళ్లి తీసుకోండి. పార్కుల్లో కంపానియన్ రెస్ట్‌రూములు కూడా ఉన్నాయి, కుర్చీతో పాటు మీవిడ కూడా లోపలికి వెళ్లి అమ్మగారికి సాయం చేయొచ్చు. గేటు దగ్గర మ్యాప్ తీసుకుని, అవి ఎక్కడున్నాయో పొద్దున్నే గుర్తు పెట్టుకోండి.