బడి తరఫున సింగపూర్ టూర్: పాపకి పాస్‌పోర్టే లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

నిజామాబాద్ అమ్మ: మా పాప ఎనిమిదో తరగతి. జనవరిలో స్కూలు వాళ్ళు ఐదు రాత్రులు సింగపూర్ తీసుకెళ్తామంటున్నారు. వాళ్ళ నాన్న దుబాయ్‌లో ఉంటారు, పాస్‌పోర్టుకి ఆయన సంతకం ఎలా? వీసా మేమే చూసుకోవాలా? పచ్చళ్ళు పెట్టి పంపొచ్చా?

ఫైళ్ళ మాస్టారు: ముందు పేరు చూడండమ్మా. ఆధార్‌లో ‘కె. సాహితి’ లాగా పొడి అక్షరం ఉండి, జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఫైలు కౌంటర్ దగ్గరే ఆగుతుంది. ఆధార్ సరిచేయించాకే పాస్‌పోర్ట్ ఆఫీసులో స్లాట్ తీసుకోండి. మీరు ఇక్కడ అనెక్సర్-డి, అంటే పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిచ్చే అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. ఆయన దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో ప్రమాణపత్రం ధ్రువీకరించుకుని పంపాలి. కొరియర్‌కి పట్టే రోజులు లెక్కేసుకోండి. పాస్‌పోర్టు ఫీజు 1000 రూపాయలు, తత్కాల్ అయితే పైన ఇంకో 2000.

ఇంకో మాట. స్కూలు వాళ్ళు టికెట్లకి పేర్లు హాజరు పట్టీలోంచి ఎత్తి రాసేస్తారు. పాస్‌పోర్ట్ కాపీ చేతికిచ్చి, అందులో ఉన్నట్టే వేయించమనండి.

శ్రీను, వైజాగ్: వీసా మీరు నేరుగా పెట్టలేరు, గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా పెట్టించాలి. వీసా దరఖాస్తు ఫారం 14ఎ, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో 35×45 మిల్లీమీటర్ల ఫొటో కావాలి. ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా తిరిగివ్వరు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. వీసా వచ్చాక ఎస్‌జీ అరైవల్ కార్డు అని, సింగపూర్‌లో అడుగుపెట్టేవాళ్ళు వివరాలు నింపే ఫారం వేరే ఉంటుంది. దిగడానికి ముందే, దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో నింపాలి, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపించిందంటే అది సర్కారుది కాదు.

వంటింటి లక్ష్మి: ఆవకాయ చెకిన్ బ్యాగులోనే పెట్టండి, చేతి సంచిలో నూనె పచ్చడిని సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెడతారు. సీసా వద్దు. మందపాటి కవర్లో సీలు వేయించి, దానిపైన ఇంకో జిప్ కవర్, ఆపైన పాత టవల్ చుట్టండి. ప్రయాణంలో నూనె ఊరి బయటికొస్తే యూనిఫాం మొత్తం పోతుంది. చికెన్, మటన్ పచ్చళ్ళు అసలొద్దు, మాంసం అక్కడికి తీసుకెళ్ళనివ్వరు. చూయింగ్ గమ్ కూడా అంతే. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌కి ముందే అనుమతి ఉండాలి, కాబట్టి మామూలు మాత్రలే డాక్టరు చీటీతో పంపండి. అక్కడ ప్లగ్గు చదును పిన్నులు మూడు ఉండే రకం. మన ఛార్జరుకి అడాప్టర్ చాలు, వోల్టేజీ మార్చే కన్వర్టర్ అక్కర్లేదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే.

నిజామాబాద్ అమ్మ: చాలా థాంక్సండీ. వీసా రాకపోతే కట్టిన డబ్బులు?

శ్రీను, వైజాగ్: కట్టకముందే కాగితం మీద రాయించుకోండి: టికెట్లో ఎంత పోతుంది, హోటల్లో ఎంత పోతుంది, ఇన్సూరెన్స్‌లో వీసా తిరస్కరణ ఉందా లేదా అని. టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా పట్టుకుని కట్టే పన్ను) వసూలు చేస్తారు కదా, అది మీ పాన్ మీద జమ అవుతోందా, స్కూలు పాన్ మీదా అని కూడా అడగండి. మీ పాన్ మీదైతే ఆదాయపు పన్ను వాళ్ళ సైట్లో మీ పన్ను జమల పట్టీలో కనిపిస్తుంది, రిటర్నులో తిరిగి రాబట్టుకోవచ్చు.

ఫైళ్ళ మాస్టారు: డబ్బు కట్టినప్పుడు రసీదు కూడా స్కూలు ఇచ్చిందే తీసుకోండి. క్లాస్ టీచరు ఫోన్‌పేకి మాత్రం పంపకండి.