కాడి దించాలా, కప్లింగ్ లాగాలా?

ప్రశ్న (అనువాదకురాలు):
ఆఫ్‌రోడ్ జీపు వెనక ఇరుసులో గేర్లు మార్చే పద్ధతి మీద ఒక మాన్యువల్ తెలుగు చేస్తున్నానండీ. ఇరుసు డానా 44 (డానా కంపెనీ ఇరుసు మోడలు). పెద్ద టైర్లు వేశాక బండికి లాగే బలం తగ్గుతుంది కాబట్టి 3.73 నిష్పత్తి సెట్టు (పెద్ద గేరు క్రౌన్‌కి 41 పళ్ళు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి 11) తీసి 4.56 (41కి 9) వేస్తారు. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. యంత్రానువాదం ‘పినియన్ అంచును తొలగించండి’ అంటోంది. ఇంకో పేజీలో అదే భాగాన్ని యోక్ అన్నారు. దానికి ‘పినియన్ కాడిని తొలగించండి’ అని వచ్చింది. రెండిట్లో ఏది ఉంచాలి?

విజయవాడ ఆటోనగర్ నుంచి:
రెండూ వద్దమ్మా. అంచు తొలగించమని రాస్తే కొత్త కుర్రాడు గ్రైండర్ తెచ్చి అంచు చెక్కేస్తాడు. షెడ్డులో దాన్ని కప్లింగ్ అంటారు, లేదా ఫ్లాంజ్ అంటారు. పైగా ఫ్లాంజ్, యోక్ రెండు వేరు వేరు సరుకులు. పళ్ళెంలా చదునుగా ఉండి చుట్టూ బోల్టు బెజ్జాలుంటే ఫ్లాంజ్. రెండు చెవులుండి వాటి మధ్య క్రాస్ (కూడిక గుర్తు ఆకారపు కీలు ముక్క) కూర్చుంటే యోక్. మీ బండికి ఏది ఉందో చూసి ఆ మాటే మొదటి నుంచి చివరి దాకా వాడండి. పేజీకో పేరు మారిస్తే చదివేవాడు రెండు భాగాలనుకుని రెండోదాని కోసం వెతుకుతాడు.

నెల్లూరు నుంచి (తెలుగు ఉపాధ్యాయుడు):
‘కాడి’ మీద నాదొక మాట. మన కాడి రెండు మెడల మీద అడ్డంగా పడే కర్ర. యోక్‌లో కనిపించేవి చెవులు, మెడలు కావు. పోలిక కుదరదు. దానికి తోడు ‘కాడి పడేశాడు’ అంటే పని మధ్యలో వదిలేశాడని అర్థం. గేర్లు విప్పేవాడికి మొదటి మెట్టులోనే ఆ మాట చెప్పడం ఏం బాగుంటుంది? కాకపోతే ‘ఇరుసు’ మంచి మాట, దాన్ని వదలొద్దు.

ఆటోనగర్ నుంచి:
శీర్షికలో ఇరుసు ఉంచండి మాస్టారూ, మెట్లలో వద్దు. ఎద్దుల బండికి ఇరుసు ఒకటే. జీపులో బయటి గొట్టాన్నీ, మధ్యలో ఉన్న గుండునీ కలిపి హౌసింగ్ అంటాం. లోపల చక్రానికి పోయే కడ్డీ యాక్సిల్ షాఫ్ట్. ‘ఇరుసు బయటికి లాగండి’ అని రాస్తే షాఫ్ట్ లాగాలా, హౌసింగ్ మొత్తం దించాలా?

హ్యూస్టన్ నుంచి (జీపు ఇరుసుల పని చేసేవారు):
పేరు ఏదైనా చెల్లుతుంది, అసలు తప్పు ‘తొలగించండి’లో ఉంది. ఇంగ్లీషు మాన్యువల్ అన్నిటికీ ఒకే క్రియ వాడుతుంది. తెలుగులో నట్టు విప్పుతాం, ఫ్లాంజ్ లాగుతాం, సీలు పీకుతాం, పినియన్ వెనక్కి నెడతాం, బేరింగ్ కప్పు (బయటి వలయం) దిగగొడతాం. క్రియ చెబితే చాలు, చేతిలోకి ఏ పనిముట్టు రావాలో తెలిసిపోతుంది. అన్నిటికీ ‘తొలగించండి’ అని రాస్తే ఫ్లాంజ్ వెనక సుత్తి పడుతుంది.

పని వరసగా చెబుతాను, క్రియలు మీరే చూసుకోండి. బండిని స్టాండ్ల మీద నిలిపి, నేల మీదున్న ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ (గేర్‌బాక్సు వైపు నుంచి ఇరుసుని తిప్పే పొడుగు కడ్డీ) ఫ్లాంజ్‌కీ కలిపి ఒక పెయింటు గీత గీసి, అప్పుడు బోల్టులు విప్పాలి. తర్వాత పినియన్ నట్టు. పాత డానా 44కి 1-1/8 అంగుళాల సాకెట్ పడుతుంది. ఇది 200 నుంచి 220 అడుగు-పౌన్లకు, అంటే దాదాపు 270 నుంచి 300 న్యూటన్ మీటర్లకు బిగించిన నట్టు. మామూలు పానాకి లొంగదు. ఇంపాక్ట్ గన్ లేకపోతే మూడు నాలుగు అడుగుల యాంగిల్ ఇనుముకి రెండు బెజ్జాలు కొట్టి, దాన్ని ఫ్లాంజ్‌కి బోల్టులతో బిగించి, రెండో కొస నేలకి ఆనించాలి. ఇక ఫ్లాంజ్ తిరగదు. లోపల క్రౌన్ పళ్ళ మధ్య కడ్డీ దూర్చి ఆపేవాళ్ళున్నారు. పన్ను చిట్లితే ఆ ముక్క ఎక్కడ పడిందో వెతుక్కోవాలి.

నట్టు వచ్చాక పుల్లర్ కాళ్ళు ఫ్లాంజ్ వెనక పట్టాలి, నడిమి మర పినియన్ కొస గుంటలో ఆనాలి. మర తిప్పుతుంటే ఫ్లాంజ్ స్ప్లైన్ గాళ్ళ (పినియన్ కొస చుట్టూ ఉండే నిలువు గాడుల) మీద నుంచి జారి వస్తుంది. మొండికేస్తే మర బిగువు మీద ఉంచి, మర తల మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు. ఫ్లాంజ్ అంచు మీద కొడితే అంచు వంగుతుంది, తర్వాత వేగం పెరిగే కొద్దీ షాఫ్ట్ వణుకుతుంది. ఆ వణుకుకి జనం క్రాసులు మారుస్తూ పోతారు.

ప్రశ్న:
‘నట్టు విప్పండి’కి ముందు ఒక హెచ్చరిక ఉంది, ‘స్టేక్ తెరవండి’ అని. యంత్రం ‘వాటా తెరవండి’ అంది!

ఆటోనగర్ నుంచి:
వాటాలు తర్వాత పంచుకుందాం. టొయోటా ఇరుసుల్లో నట్టు పెదవిని పినియన్ గాడిలోకి నొక్కి దిగగొట్టి ఉంటుంది, నట్టు వదులు కాకుండా. సన్నటి ఉలితో ఆ నొక్కు పైకి ఎత్తాకే తిప్పాలి. ఎత్తకుండా తిప్పితే పినియన్ మరలు చెడతాయి. ‘నట్టు నొక్కు ఎత్తండి’ అని రాయండి. డానా 44లో సాధారణంగా ఈ నొక్కు ఉండదు, అక్కడ లాక్ నట్టు.

నెల్లూరు నుంచి:
‘ఆయిల్ సీల’ అని ఇంకో పేజీలో కనిపించింది. సీల అంటే మేకు. బండి చక్రం ఊడకుండా పెట్టేది కడసీల. నూనె కారకుండా పెట్టే రబ్బరు వలయాన్ని సీల అనకూడదు, సీలు అనాలి. ఒక్క కొమ్ము తేడా!

హ్యూస్టన్ నుంచి:
నిజమేనండీ. తమాషా ఏమిటంటే పాత విల్లీస్, మహీంద్రా జీపుల్లో పినియన్ నట్టుకి స్ప్లిట్ పిన్ను ఉంటుంది. అక్కడ సీలా ఉంది, సీలూ ఉంది. ఆ పిన్నుని మీరు సీల అంటే నాకు అభ్యంతరం లేదు.

సీలు గురించి మాన్యువల్‌లో ఒక వాక్యం ఉండాలి, లేకపోతే కలపండి. ఫ్లాంజ్ బయటికి వచ్చాక సీలు పెదవి రాసుకునే నున్నటి మెడ మీద గోరు గీసి చూడాలి. గోరు ఆగేంత గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుతుంది. అప్పుడు రిపేర్ స్లీవ్ ఎక్కించాలి, లేదా ఫ్లాంజే మార్చాలి. పినియన్‌ని వెనక్కి నెట్టే ముందు పాత నట్టు నాలుగు చుట్లు ఎక్కించి ఇత్తడి కడ్డీతో కొట్టాలి. మరలు చితకవు, పినియన్ ధబాలున కింద పడదు. అది హౌసింగ్ లోపలి వైపుకి వస్తుంది కాబట్టి ముందే క్యారియర్ (క్రౌన్ బిగించి ఉండే భాగం) దించి ఉండాలి. క్యారియర్ బేరింగ్ క్యాపులకి ఎడమ, కుడి గుర్తులు పెట్టుకోవాలి, తారుమారు చేయకూడదు.

ఇంకో సంగతి, ఇది భాష గురించి కాదు. డానా 44లో 3.73 దాకా ఒక క్యారియర్, 3.92 నుంచి ఇంకో క్యారియర్. మీ మాన్యువల్ 3.73 నుంచి 4.56కి వెళ్తోంది కాబట్టి కొత్త క్యారియర్ కావాలి, లేదా మందం క్రౌన్ కొనాలి. భాగాల పట్టికలో అది ఉందో లేదో చూడండి.

ప్రశ్న:
పట్టికలో లేదు, కలుపుతాను. ఇప్పటికి ఇలా రాశాను: ‘షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ కలిపి గీత గీసి, షాఫ్ట్ విప్పండి. ఫ్లాంజ్ తిరగకుండా పట్టి, నట్టు విప్పండి. పుల్లర్‌తో ఫ్లాంజ్ లాగండి. సీలు పీకండి. క్యారియర్ దించాక పినియన్‌ని లోపలికి నెట్టండి. తిరిగి బిగించేటప్పుడు ఫ్లాంజ్‌ని సుత్తితో దింపి, నట్టు గట్టిగా బిగించండి.’

ఆటోనగర్ నుంచి:
చివరి వాక్యం తప్ప అంతా షెడ్డు గోడకి అంటించొచ్చు. దింపడానికీ సుత్తి వద్దు. ఆ దెబ్బలు బేరింగ్ రోలర్లకి తగిలి కప్పు మీద గుంటలు పడతాయి, తర్వాత ఊళ పెడుతుంది. నట్టుతోనే లోపలికి లాక్కోవాలి. స్ప్లైన్ గాళ్ళకీ వాషరు కిందా కాస్త సిలికాన్ పూయాలి, లేకపోతే గేరాయిల్ ఆ గాళ్ళ వెంటే బయటికి పాకుతుంది. నట్టు కొత్తది వేయాలి.

హ్యూస్టన్ నుంచి:
‘గట్టిగా’ అనే మాట కొట్టేయండి. అక్కడే ఎక్కువ మంది చెడగొట్టుకుంటారు. పాత డానా 44లో పినియన్ బేరింగుల బిగువు షిమ్ములతో (పల్చటి రేకు వలయాలతో) కుదురుతుంది. నట్టు లెక్క ప్రకారం బిగించాక పినియన్ వదులుగా తిరిగితే ఒక షిమ్ము తీయాలి, బరువుగా తిరిగితే ఒకటి వేయాలి. తర్వాత వచ్చిన కొన్నిటిలో షిమ్ముల బదులు క్రష్ స్లీవ్ (బిగిస్తే నలిగే గొట్టం) ఉంటుంది. అది నలగడం మొదలవడానికే దాదాపు 300 అడుగు-పౌన్ల బలం పెట్టాలి. నలగడం మొదలయ్యాక నట్టుని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ ఆపి, అంగుళం-పౌన్ల రెంచ్‌తో పినియన్‌ని తిప్పి చూడాలి. కొత్త బేరింగులకి సాధారణంగా 15 నుంచి 30 అంగుళం-పౌన్లు. కదలడం మొదలయ్యేటప్పటి అంకె తీసుకోకూడదు, తిరుగుతున్నప్పటిది చూడాలి. దాటిపోతే నట్టు వెనక్కి తిప్పి సరిచేయడం కుదరదు. నలిగిన స్లీవ్ మళ్ళీ సాగదు, కొత్తది వేయాల్సిందే. అందుకని ‘నట్టు కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ తిప్పి కొలవండి’ అని రాసి, పక్కనే ఆ అంకెలు వేయండి.