అప్‌డేట్: మా రైడర్‌కి మెడ దెబ్బ, మర్నాడే సెమీస్. ఆడాలా వద్దా?

మూడు వారాల క్రితం అడిగాను. గాజువాకలో కబడ్డీ టోర్నమెంట్, క్వార్టర్ ఫైనల్లో మా రైడర్ తలకిందులుగా పడ్డాడు. చేతులు తిమ్మిరెక్కాయన్నాడు. మర్నాడే సెమీస్. ఆడాలా, తప్పుకోవాలా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు వాడి సంగతి. స్కానింగ్‌లో మెడ ఎముకకి సన్నటి చీలిక కనిపించింది. వెన్నుపాముకి ఏమీ కాలేదు. ఆపరేషన్ అక్కర్లేదని కాలర్ పెట్టారు. తిమ్మిరి తగ్గింది. నిన్న బీచ్ రోడ్డులో మాతో కాసేపు నడిచాడు.

మేం సెమీస్ ఆడలేదు. ఎవరి నిర్ణయం వాళ్లు పేరు లేకుండా చీటీ మీద రాయండి అన్న సలహా పనిచేసింది. పైకి అందరూ 'వాడి కోసం ఆడదాం' అన్నవాళ్లే. చీటీలు విప్పితే 11లో 8 'వద్దు'. 2021లో జరిగిన యూరో ఫుట్‌బాల్ టోర్నీలో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మ్యాచ్ మధ్యలో కుప్పకూలిన రోజే ఆ జట్టు మళ్లీ ఆడిందని, ఆడకుండా ఉండాల్సిందని వాళ్ల కోచ్ తర్వాత అన్నాడని ఒకరు రాశారు. ఆ మాట నన్ను వదల్లేదు.

ఎంట్రీ ఫీజు, నిర్వాహకుల కోపం గురించి నేను పడిన టెన్షన్ అనవసరం. వాళ్లు ఒక్క మాటా అనలేదు.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. ఆ రోజు మేమే వాడిని ఎత్తి ఆటోలో పడుకోబెట్టాం. మెడ దెబ్బ అనుమానం ఉంటే మనిషిని కదపకూడదు, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి అని డాక్టర్ గట్టిగా చెప్పారు. తలుచుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది.

వచ్చే నెల ప్రాక్టీస్ మొదలుపెడుతున్నాం. వాడు పక్కన కూర్చుని చూస్తానన్నాడు.