ఇంగ్లిష్ పల్లెటూరి హత్య కథ: నా ప్లాట్‌లో తప్పులు ఎక్కడున్నాయి?

పొగమంచు_కథకుడు:

‘మిడ్‌సమర్ మర్డర్స్’ అనే బ్రిటిష్ టీవీ డిటెక్టివ్ సీరియల్ తరహాలో గంటన్నర రేడియో నాటకం రాస్తున్నాను. కథాకాలం 2018, చోటు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఊహా గ్రామం. ప్లాట్ ఇదీ:

రిటైర్డ్ కల్నల్, వయసు 71, పిల్లల్లేరు. ఒక్కగానొక్క చెల్లెలు ఎప్పుడో పోయింది, ఆమె కూతురు ఒక్కతే మిగిలిన బంధువు. 2012లో రాసిన వీలునామాలో ఇల్లూ పొలమూ ఆ మేనకోడలికే. 2018 ఏప్రిల్‌లో కల్నల్ రెండో పెళ్లి చేసుకుంటాడు. జూన్ 20 రాత్రి తొమ్మిదికి, చిమ్మచీకట్లో, చర్చి పక్క సమాధుల దారిలో ఎవరో ఇత్తడి కొవ్వొత్తి స్తంభంతో తల మీద కొట్టి చంపుతారు. అసలు హంతకుడు ఊరి ఎస్టేట్ ఏజెంట్, కొత్త భార్యకు రహస్య ప్రియుడు. పొలంలో ఇళ్లు కట్టించాలని అతని ఆశ. ఆ సమయంలో చర్చి గంటల సాధన జరుగుతోంది. అతను గంటలు మోగించే జట్టులో ఒకడు. మధ్యలో తాడు వదిలేసి దిగి వచ్చి, పని ముగించుకుని మళ్లీ పైకి వెళ్తాడు.

డాక్టర్ శవాన్ని చూసి 8.50, 9.00 మధ్య ప్రాణం పోయిందంటాడు. తోటమాలి హంతకుణ్ని చూశాడు కాబట్టి మర్నాడు అతని టీలో గడ్డిమందు కలుపుతారు, కప్పు చేతిలో ఉండగానే కూలిపోతాడు. ఇన్‌స్పెక్టర్ మేనకోడల్ని నాలుగు రోజులు లాకప్‌లో పెట్టి గట్టిగా అడిగితే ఆమె చెయ్యని నేరం ఒప్పుకుంటుంది. చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి గుట్టు విప్పుతాడు.

ఎక్కడ అతకడం లేదో మొహమాటం లేకుండా చెప్పండి.

సెక్షన్_18:

ముందు వీలునామా సంగతి చూద్దాం, మీ కథకి వెన్నెముక అదే. ఇంగ్లండ్‌లో 1837 నాటి విల్స్ యాక్ట్ ప్రకారం పెళ్లి జరిగిన క్షణాన పాత వీలునామా రద్దయిపోతుంది. ఫలానా మనిషిని పెళ్లి చేసుకోబోతున్నానని, ఆ పెళ్లితో ఇది రద్దు కాకూడదని వీలునామాలోనే కనిపిస్తే తప్ప. అంటే 2018 ఏప్రిల్ తర్వాత మీ 2012 కాగితానికి విలువ లేదు. కల్నల్ వీలునామా లేకుండా చనిపోయినట్టే లెక్క. పిల్లలు లేనివాడు అలా పోతే 2014 అక్టోబర్ నుంచి ఉన్న నియమం ప్రకారం ఆస్తి మొత్తం భార్యది.

దీన్ని తప్పుగా చూడకండి, మీకు దొరికిన బంగారం ఇదే. మేనకోడలు పాత వీలునామా చెల్లుతుందనే నమ్మకంతో ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ కూడా మొదట అలాగే అనుకుని ఆమె వెంట పడతాడు. సొలిసిటర్ (లాయరు) దగ్గర అసలు సంగతి తెలిశాక అనుమానం భార్య వైపు తిరుగుతుంది.

ఇంకో మెలిక ఉంది. హత్యలో భార్యకు కూడా చెయ్యి ఉందని తేలితే ఆమెకు ఆస్తి రాదు. మన హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 25 ఉంది కదా, చంపినవాడికి, చంపడానికి సాయం చేసినవాడికి వారసత్వం ఉండదని. అక్కడా అదే సూత్రం. 2011లో వచ్చిన చట్టంతో, అలా హక్కు కోల్పోయినవాళ్లు ముందే చనిపోయినట్టు భావిస్తారు. భార్య ముందే పోయినట్టు లెక్క, పిల్లలు లేరు, తల్లిదండ్రులు లేరు, తోబుట్టువు పోయింది. అప్పుడు ఆస్తి తోబుట్టువు సంతానానికి, అంటే మళ్లీ మేనకోడలికే! కాబట్టి భార్యను ఇరికిస్తే లాభపడేది మేనకోడలు. భార్య మీద దొరికే ప్రతి సాక్ష్యాన్నీ ప్రేక్షకుడు రెండు రకాలుగా చదవాలి: నిజమైనదా, మేనకోడలు పెట్టిందా? ప్రియుడు ఒక్కడే చేశాడా, భార్యకు ముందే తెలుసా అన్నదాని మీద ఇల్లు ఎవరిదో తేలుతుంది. నా మాటగా ఈ చట్టం సంగతి ఆఖరి పది నిమిషాల దాకా దాచండి.

పొలం విషయంలో ఒక జాగ్రత్త. ఇళ్లు కట్టడానికి అనుమతి ఇచ్చేది ఊరి పారిష్ కౌన్సిల్ కాదు, అది అభిప్రాయం మాత్రమే చెబుతుంది. నిర్ణయం డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌ది. అనుమతి వచ్చిన పొలం ధర సాగుభూమి ధరకి ఎన్నో రెట్లు. దరఖాస్తులు ఎవరైనా చూడొచ్చు కాబట్టి, కల్నల్ బతికుండగానే అతని పొలం మీద ఎవరో దరఖాస్తు పెట్టారని సార్జెంట్ కనుక్కోవచ్చు. అక్కడ భూమి యజమాని కాకపోయినా దరఖాస్తు పెట్టొచ్చు, యజమానికి నోటీసు ఇస్తే చాలు. ఆ నోటీసు కల్నల్ టేబుల్ సొరుగులో దొరకనివ్వండి.

ఆరో_తాడు:

జూన్ 20 రాత్రి తొమ్మిదికి చిమ్మచీకటి ఉండదండీ. ఆక్స్‌ఫర్డ్ వైపు ఆ రోజుల్లో సూర్యాస్తమయం తొమ్మిదిన్నర దగ్గర. ఆ తర్వాత కూడా అరగంటకి పైగా మనిషి ముఖం పోల్చుకునేంత వెలుగు ఉంటుంది. చీకటి కావాలంటే కథని డిసెంబర్‌కి మార్చండి, అప్పుడు నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. కానీ నేనైతే జూన్‌నే ఉంచుతాను. పట్టపగల్లాంటి వెలుగులో, ఊరి మధ్యలో, ఎవరికీ కనపడకుండా ఎలా జరిగిందన్నదే మంచి ప్రశ్న.

ఇక గంటలు. మన గుళ్లో గంట కొట్టినట్టు కాదు. ఒక్కో గంట పెద్ద చక్రానికి బిగించి ఉంటుంది, తాడు లాగినప్పుడల్లా దాదాపు పూర్తి చుట్టు తిరుగుతుంది. ఒక్కో తాడుకి ఒక్కో మనిషి. తలకిందులుగా నిలిచిన గంట బరువు వందల కిలోలు, ఆ స్థితిలో తాడు వదిలేస్తే అది కొరడాలా ఎగిరి చుట్టుపక్కలవాళ్లని గాయపరుస్తుంది. గంటని ఆపే చెక్క ఊతం కూడా విరగొచ్చు. కాబట్టి మధ్యలో వదిలి వెళ్లడం కుదరదు. జట్టు నాయకుడు ఆపమన్నాక, గంటని నిలబెట్టి, అప్పుడే దిగాలి.

అలా దిగితే మిగిలింది ఐదుగురు. జట్టులోని గంటలన్నీ ఒక్కోసారి మోగితే ఒక వరస. ఐదు గంటల మీద 120 వరసలు వస్తాయి, ఏ వరసా రెండోసారి రాదు, సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. అదే ఆరింటి మీదైతే 720 వరసలు, ఇరవై ఐదు నిమిషాల దాకా. మామూలుగా ఐదు గంటలు స్థానాలు మారుతుంటే, అన్నిటికన్నా బరువైన ఆరోది, టెనర్, ప్రతి వరస చివర ఒకేచోట గంభీరంగా మోగుతుంది. మీ హంతకుడికి ఆ టెనర్ ఇవ్వండి. ఫోన్ వచ్చిందని చెప్పి దిగుతాడు, మిగతా ఐదుగురూ టెనర్ లేకుండానే నాలుగైదు సార్లు మోగిస్తారు. అతనికి ఇరవై నిమిషాలు దొరుకుతాయి.

దారి గురించి ఒక మాట. అక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే మన రోడ్డు పక్క ఫుట్‌పాత్ అనుకోకండి. పొలాల మధ్య, ఒక్కోసారి ఇంటి పెరటి గుండా కూడా పోయే కాలిబాట. నడిచే హక్కు అందరిదీ, యజమాని కంచె వేసి మూయకూడదు. బ్రిటిష్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 1:25,000 పటాల్లో ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. సమాధుల స్థలం నుంచి నదివైపు ఒకటి పోనివ్వండి, అపరిచితులు అక్కడ కనిపించడం ఎవరికీ వింతగా ఉండదు.

కొవ్వొత్తి స్తంభం చర్చిదైతే, చర్చి సామానంతటికీ, దాన్ని చూసుకునే చర్చ్‌వార్డెన్ల దగ్గర జాబితా పుస్తకం ఉంటుంది. ఒక పారిష్‌కి, అంటే ఒక చర్చి పరిధికి, మామూలుగా ఇద్దరు వార్డెన్లు. తాళంచెవి ఎవరి దగ్గరుంది, స్తంభం ఏ రోజు దాకా ఉంది అన్నవి వాళ్ల ద్వారా తేలాలి. వికార్‌ని, అంటే చర్చి పాస్టర్‌ని, అడిగితే చెప్పలేకపోవచ్చు, ఈ రోజుల్లో పల్లెల్లో ఒక వికార్‌కి ఐదారు చర్చిలు ఉండటం మామూలే.

మూడో_అంకం:

సెక్షన్_18 గారి చట్టం పాయింట్ అద్భుతం. కానీ దాన్ని చివరిదాకా దాచమనడం మాత్రం నేను ఒప్పుకోను. వినేవాడికి తెలియని చట్టంతో ఆఖరి నిమిషంలో ముడి విప్పితే అది మోసం. తెలుగు శ్రోతకి పెళ్లితో వీలునామా రద్దవుతుందని ఊహించే దారే లేదు. నలభయ్యో నిమిషంలో సొలిసిటర్ నోట మామూలుగా చెప్పించండి, దాని వెంటనే ఇంకో పెద్ద విషయం పెట్టి చెవిని పక్కకి తిప్పండి. ముఖ్యమైన ఆధారాన్ని ఎప్పుడూ ఐదారు విషయాల జాబితా మధ్యలో పెట్టాలి, మొదట్లోనో చివర్లోనో పెడితే గుర్తుండిపోతుంది.

చావు సమయం పది నిమిషాల తేడాలో చెప్పే డాక్టర్ ఎక్కడా లేడు. శరీర ఉష్ణోగ్రత, చుట్టూ గాలి ఉష్ణోగ్రత, బరువు, బట్టలు అన్నీ లెక్కేసి హెన్స్‌గే పట్టిక వాడినా, మంచి పరిస్థితుల్లో అటూ ఇటూ 2.8 గంటల తేడా ఉంటుంది. ఆయన చేత “ఆరున్నర, పన్నెండు మధ్య” అనిపించండి. ఆ విసుగు ఇన్‌స్పెక్టర్‌కి రావాలి, ఎందుకంటే ఆ తర్వాత సమయాన్ని ఊరి నుంచే రాబట్టాలి: పబ్ బిల్లు, బస్సు, కుక్కని తిప్పే ముసలావిడ, గంటలు. ఈ రకం కథలకి ఊరి దినచర్యే ప్రయోగశాల.

గడ్డిమందు తీసెయ్యండి. మన వార్తల్లో కనిపించే పారాక్వాట్ అక్కడ 2007 తర్వాత అమ్మకానికి లేదు. ఉన్నా అది కప్పు చేతిలో ఉండగా చంపదు, రోజుల తరబడి సాగుతుంది. అంతసేపు బతికున్న తోటమాలి పేరు చెప్పేస్తాడు కదా. చర్చి గోపురం మెట్లు ఇరుకుగా, మెలికలు తిరిగి ఉంటాయి, అతన్ని అక్కడి నుంచి తొయ్యండి. ప్రమాదమా హత్యా అన్న సందేహం కూడా దొరుకుతుంది.

రెండో హత్య ఎందుకు జరిగిందో దానికి స్వంత లాజిక్ కావాలి. తోటమాలి చూశాడు, పోలీసులకి చెప్పలేదు. ఎందుకు? డబ్బు అడిగాడు. ఎవర్ని? ఇక్కడే ఎక్కువమంది జారతారు. అతను చూసింది పూర్తి నిజం కాకూడదు. భార్య స్తంభాన్ని సంచిలో తీసుకెళ్లడం మాత్రమే చూశాడనుకోండి, బేరం భార్యతో పెడతాడు, చంపేది ప్రియుడు. ఆ రెండో హత్యతోనే వాళ్లిద్దరికీ సంబంధం ఉందని బయటపడుతుంది. మొదటి హత్య చెప్పని సంగతి రెండోది చెప్పాలి, లేకపోతే అది నిడివి నింపడానికే.

కాలం లెక్క: మొదటి శవం ఐదో నిమిషంలోపు. మేనకోడలి మీద అనుమానం ముప్పై దాకా. రెండో శవం 45–50 మధ్య. 70 దగ్గర ఇన్‌స్పెక్టర్ తప్పు మనిషిని పట్టుకోవాలి. ముగింపుకి పన్నెండు నిమిషాలకు మించి వద్దు. అనుమానితులు ఆరుగురు చాలు. రేడియోలో అంతకు మించితే గొంతులు కలిసిపోతాయి.

పొగమంచు_కథకుడు:

అందరికీ ధన్యవాదాలు. గడ్డిమందు, చీకటి, డాక్టర్ మాట మూడూ తీసేశాను. లాకప్ నాలుగు రోజులు, నేరం ఒప్పుకోవడం, హాల్లో సమావేశం గురించి ఎవరూ చెప్పలేదు. అవి ఉంచొచ్చా?

సెక్షన్_18:

ముందు మూడో_అంకం గారికి: నలభయ్యో నిమిషమే సరైనది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాచాల్సింది రద్దు నియమం కాదు, 2011 చట్టం వల్ల ఆస్తి తిరిగి మేనకోడలికి పోతుందన్నది. దాన్ని కూడా 70కి ముందే ఒక వాక్యంలో వేసెయ్యాలి.

నాలుగు రోజులు, అంటే 96 గంటలు, చట్టంలో ఉన్న ఆఖరి హద్దు. 1984 పోలీసు, క్రిమినల్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం ముందు 24 గంటలు. హత్య లాంటి నేరమైతే సూపరింటెండెంట్ 36 దాకా పొడిగించొచ్చు. ఆ పైన మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లాలి, ఒక్కో వారంటు 36 గంటలకి మించదు, మొత్తం 96 దాటకూడదు. మీ ఇన్‌స్పెక్టర్ దగ్గర అంత బలమైన ఆధారం లేదు, కోర్టు ఒప్పుకోదు. 36 గంటలకే విడిచిపెట్టనివ్వండి. గడియారం అతనికి వ్యతిరేకంగా పరుగెత్తడం నాటకానికి మంచిది.

“గట్టిగా అడగడం” అస్సలు వద్దు. విచారణ రికార్డవుతుంది, ఆమె కోరితే పక్కన సొలిసిటర్ ఉచితంగా కూర్చుంటాడు. బెదిరించి తీసుకున్న ఒప్పుకోలుని కోర్టు పక్కన పెడుతుంది. ఇక్కడ మన రచయితలు ఇంకో పొరపాటు చేస్తారు. మన దగ్గర పోలీసుకి ఇచ్చిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23. అక్కడ అలా కాదు, పద్ధతిగా తీసుకున్న ఒప్పుకోలు చెల్లుతుంది. అందుకే ఆ సీరియళ్లలో చివర హంతకుడు చెప్పుకుపోతుంటే సార్జెంట్ ఆపడు. అరెస్టు చేసేటప్పుడు చదివే హెచ్చరిక కూడా వాడుకోండి. దాని సారాంశం: మీరు ఏమీ చెప్పనవసరం లేదు, కానీ తర్వాత కోర్టులో ఆధారపడబోయే విషయాన్ని ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే మీ వాదనకి నష్టం కావచ్చు. ఏజెంట్ మొదటి విచారణలో ఫోన్ కోసం దిగిన సంగతి చెప్పకపోవడం తర్వాత అతన్నే పట్టిస్తుంది.

హాలు సమావేశం పాత కాలపు పద్ధతి. అయినా ఆపే చట్టమేమీ లేదు. నేనైతే గంటల గదిలో ఐదుగురు ముందు పెడతాను.

ఆరో_తాడు:

గంటల గది అన్నారు కాబట్టి మిగిలింది ఇది. సార్జెంట్ ఐదుగురినీ విడివిడిగా అడుగుతాడు: “ఆ రాత్రి సాధనకి ఆయన వచ్చారా?” అందరూ వచ్చారనే అంటారు, అది నిజమే. “అన్నిసార్లూ ఆయనే టెనర్ లాగారా?” అని ఎవరూ అడగరు. మీది రేడియో, శ్రోతకి ముందే వినిపించండి. మొదటి దృశ్యంలో, కల్నల్ సమాధుల దారిలో నడుస్తుండగా, వెనక గంటలు: ఐదు మారుతూ, చివర లోతైన ఆరోది. అలా ఒక నిమిషం. తర్వాత విరామం, ఎవరో మెట్లు దిగే చప్పుడు. మళ్లీ మొదలైనప్పుడు వరస ఐదుతోనే ఆగిపోవాలి. దాని మీద ఎవరూ ఒక్క మాట అనకూడదు, సంభాషణ మామూలుగా సాగాలి. డెబ్బయ్యో నిమిషంలో ఒక పర్యాటకుడి ఫోన్ వీడియోలో అదే శబ్దం మళ్లీ వినిపించండి. ఈసారి ఇన్‌స్పెక్టర్ వేలితో టేబుల్ మీద లెక్కపెట్టాలి. ఐదు. ఐదు. ఐదు.

రికార్డింగ్‌లో జాగ్రత్త: టెనర్ శబ్దం మోగడం ఆగాక కూడా కొన్ని సెకన్లు గాలిలో ఉంటుంది. విరామానికి కనీసం పదిహేను సెకన్లు ఇవ్వకపోతే ఆ మూలుగు తర్వాతి వరసల్లో కలిసి, ఆరోది ఉందనే అనిపిస్తుంది.