పళ్ల గుజ్జు పెట్టిన గోధుమ బ్రెడ్: రోజూ టిఫిన్‌గా పెట్టొచ్చా?

గంటస్తంభం (విజయనగరం): కిరాణా షాపులో కొత్తగా పళ్ల గోధుమ బ్రెడ్ పెడితే ఒకటి తెచ్చాను. కోస్తే ముక్క మధ్యలో ఖర్జూరం, కిస్మిస్ గుజ్జు చుట్టలు తిరిగి ఉంది. పెనం మీద వెన్న రాసి కాలిస్తే అంచులు కరకరలాడాయి, గుజ్జు కరిగి పెనానికి అంటుకుంది. పిల్లలు పేచీ పెట్టకుండా తిన్నారు. స్కూలు రోజుల్లో ఇదే పెడదామనుకుంటున్నాను.

పాత బేకరీ (శ్రీకాకుళం): ప్యాకెట్ వెనక్కి తిప్పారా అమ్మా? బరువులో ఏది ఎక్కువో అదే ముందు రాయాలని రూలు. మొదట్లోనే ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అని ఉంటే అది మైదా. గోధుమరంగు చూసి నమ్మకండి, 150ఏ అని ఉంటే అది కారమెల్ రంగు. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర బట్టీ నడిపినోణ్ని, తెలిసే చెప్తున్నాను. తవుడున్న పిండి మైదా అంత పొంగదు. దూదిలా ఉందంటే అనుమానించాల్సిందే.

గంటస్తంభం: చూశానండీ. మొదట ఆటా (గోధుమపిండి) 52 శాతం, తర్వాతే మైదా.

పాత బేకరీ: మరి మిగతా సగం?

ఉద్దానం కుర్రోడు: పిండి గొడవ సరే, పళ్లేవి? ఎర్రగా పచ్చగా కనిపించేవి పచ్చి బొప్పాయి ముక్కలే, పాకంలో ఊరబెట్టి రంగేస్తారు. 2018లో తిత్లీ తుపానుకి మా జీడితోటలు కూలిపోయాయి. మళ్లీ మొక్కలేసి పెంచుకుంటే పిక్కలకి రేటు లేదు. మీరేమో ఎక్కడిదో కిస్మిస్ తింటారు.

గంటస్తంభం: తమ్ముడూ, నేను రాసింది ఖర్జూరం గురించి. బొప్పాయి ఊసెక్కడిది?

నాగావళి: రేటెంతండీ?

చోడంబలి: ఎంతయితే ఏటి? మా అమ్మ తెల్లారేసరికి చోడి (రాగి) అంబలి కాచి, ఉల్లిపాయ నంజుకోడానికి పెట్టి పంపేది. ఇప్పటోళ్లకి ప్యాకెట్ చింపడమే వంట. మా కోడలూ అంతే. నాకు షుగరని తెలిసీ మొన్న ఇలాంటి ముక్కే చేతిలో పెట్టింది.

పాత బేకరీ: షుగరుంటే ఈ గుజ్జు వద్దు బావగారూ. ఖర్జూరం తీపికి పంచదార తోడు.

గంటస్తంభం: బాబాయ్ గారూ, అంబలి మంచిదే. రాత్రే పిండి నానబెట్టేదెవరు, పొద్దున్నే ఉండకట్టకుండా తిప్పేదెవరు? నేను బొబ్బిలి బస్సు పట్టుకోవాలి. అంబలి కావాలనేవాళ్లు ఇంట్లో అందరూ, గరిటె పట్టేది నేనొక్కదాన్నే.

చోడంబలి: వంట చెయ్యమనడం కూడా తప్పేనేటి?

గంటస్తంభం: మీరు కాచుకోవచ్చుగా అంటున్నాను. రోజంతా ఇంట్లోనే కదా ఉంటారు, పొయ్యేమైనా అటక మీదుందా?

చోడంబలి: మా ఇంటి సంగతి మీకెందుకమ్మా!

గంటస్తంభం: మీ కోడలి సంగతి ఇక్కడికి తెచ్చింది మీరే.

కోట జంక్షన్: ఏటండీ ఇది, మైదా దగ్గర మొదలెట్టి ఎక్కడికెళ్లిపోయారు?

పాత బేకరీ: మైదాదేముంది, నా బన్నుల్లోనూ మైదాయే వేశాను. నా కడుపుమంట వేరు. పొద్దున్న కాల్చిన బన్ను మర్నాటికి గట్టిపడుతుంది. ప్యాకెట్‌దేమో 471, 282 అని నంబర్లుండే రసాయనాలు వేసుకుని రోజుల తరబడి మెత్తగా, బూజు పట్టకుండా ఉంటుంది. జనం ఆ మెత్తదనానికి మరిగారు, నా బట్టీ ఆరిపోయింది.

గంటస్తంభం: మీ బన్ను పొద్దున్న ఆరింటికి దొరికేదా? దొరికితే నేనూ అదే కొనేదాన్ని.

పాత బేకరీ: దొరికేది. రెండింటికే లేచి పిండి కలిపేది మా ఆవిడ.